"చూడ చూడ రుచుల": చూసేది కంటితోనా, నాలుకతోనా?

సీతమ్మధార టీచర్: పిల్లలకు పదార్థాల ధర్మాలు చెబుతూ "ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు" ఎత్తుకున్నాను. రెండో పాదం దగ్గర అనుమానం వచ్చింది. పుస్తకంలో "చూడ చూడ రుచుల జాడ వేరు" అని ఉంది. మా అమ్మమ్మ "చవులు చూడ" అనేది. ఏది సరైనది?

ఛందోభిమాని: "చూడ చూడ"యే. చూడ–జాడ ప్రాసయతి, అంటే రెండో అక్షరాల పొత్తు, ఎంత చక్కగా పడిందో చూడండి.

భీమిలి మాస్టారు: "చవులు" అన్నా నగణమే, మూడూ లఘువులే, గణం చెడదు. చ–జా అక్షరయతి, అంటే మొదటి అక్షరాల పొత్తు, కూడా నిలుస్తుంది. కాబట్టి ఛందస్సుతో ఇది తేలదు, అర్థంతోనే తేలాలి. చవి అన్నా రుచి అన్నా ఒకటే. "చవులు చూడ రుచుల" అంటే పునరుక్తి. వేమన అలా మాట వృథా చేయడు.

గాజువాక ల్యాబ్: తెలుగులో చూడటం కంటి పనొక్కటే కాదు. నాడి చూస్తాం, రుచి చూస్తాం, చేసి చూస్తాం. రసాయన శాస్త్రమంతా ఆ చేసి చూడటమే. ఉప్పూ కర్పూరమూ పొడి చేసి పక్కపక్కన పెడితే రెండూ తెలుపే. నీళ్లలో వేసి చూడండి. 100 మిల్లీలీటర్లలో దాదాపు 36 గ్రాముల ఉప్పు కరిగిపోతుంది, కర్పూరం పలుకు పైన తేలుతూ గిరగిరా తిరుగుతుంది. నిప్పు మీద చూడండి. కర్పూరం మసి కక్కుతూ మండుతుంది, ఉప్పు కరగడానికే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఉప్పులో సోడియం, క్లోరైడ్ అయాన్లు ఒకదాన్నొకటి గట్టిగా లాగి పట్టుకుంటాయి. కర్పూరం అణువుల మధ్య పట్టు వదులు. అందుకే కరగకుండానే ఆవిరవుతుంది, ఆ అణువులే ముక్కు దాకా వస్తాయి. నా లెక్కలో మొదటి "చూడ" కంటిది, రెండోది పరీక్ష.

భీమిలి మాస్టారు: అలా విడదీయకూడదండీ. "తినగ తినగ వేము తియ్యనుండు" అన్నదీ ఆయనే. మొదటి తినడం వేరు, రెండోది వేరు అంటామా?

గాజువాక ల్యాబ్: అననులెండి. అయినా ఒక్క పరీక్షతో ఏ పదార్థాన్నీ తేల్చం, మళ్లీ మళ్లీ చూస్తాం. మాట రెండుసార్లు రావడం, మీ ద్విరుక్తి, నా వైపే ఉంది మాస్టారూ.

వాల్తేరు విద్యార్థి: కర్పూరాన్ని రుచి చూసేదెవరు సార్?

సీతమ్మధార టీచర్: లడ్డూలో పచ్చకర్పూరం వేస్తాం కదా నాన్నా.

గాజువాక ల్యాబ్: అది వేరు, హారతి కర్పూరం వేరు. ఇప్పుడు హారతికి వాడేది ఎక్కువగా టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీలో తయారయ్యేదే. పసిపిల్లలు మింగితే ఫిట్స్ వస్తాయి. పద్యం చెప్పిన రోజే ఈ మాట కూడా చెప్పండి టీచర్‌గారూ, ఇది మాత్రం మరిచిపోవద్దు.

వాల్తేరు విద్యార్థి: మన విశాఖలో నాలుకతో పనేముంది? వానాకాలంలో మూతలు తీసి పెడితే ఉప్పు చెమ్మగిల్లుతుంది, కర్పూరం తరిగిపోతుంది.

గాజువాక ల్యాబ్: బాగా పట్టావు. ఆ చెమ్మ ముఖ్యంగా కల్లుప్పులో మిగిలిన మెగ్నీషియం క్లోరైడ్ లాక్కునేది. బీచ్ రోడ్డు ఇళ్ల కిటికీ ఊచలు అంత త్వరగా తుప్పు పట్టేదీ ఉప్పుగాలి వల్లే.

ఛందోభిమాని: కెమిస్ట్రీ కోసం వేమన దాకా ఎందుకు? విశాఖలో పుట్టిన శ్రీశ్రీ సబ్బుబిళ్లనూ అగ్గిపుల్లనూ కవిత్వంలోకి తెచ్చాడు.

భీమిలి మాస్టారు: అగ్గిపుల్ల ముందు, సబ్బుబిళ్ల తర్వాత. కుక్కపిల్లను వదిలేశారు. అక్కడా "హీనంగా చూడకు" అనే ఉంది, గమనించారా? ఆ చూపు కంటిది కాదు, ఎంచడం.

గాజువాక ల్యాబ్: ఆ రెండిట్లో ఎంత శాస్త్రం ఉందో! పుల్ల తలలో పొటాషియం క్లోరేట్, పెట్టె పక్కన ఎర్ర భాస్వరం. రెండూ రాచుకుంటే మంట. సబ్బు అణువు ఒక కొసతో నీటిని, రెండో కొసతో జిడ్డును పట్టుకుంటుంది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే సబ్బు వాటితో కలిసి తెట్టు కడుతుంది, నురగ రాదు.

ఛందోభిమాని: చూడటం ఎంచడమే అయితే వేమన పద్యంలోనూ అదే అర్థం. మూడో పాదంలో "పురుషులందు పుణ్యపురుషులు వేరయా" అని మనుషులను ఎంచుతున్నాడు కదా. నాలుకను వదిలేద్దాం.

భీమిలి మాస్టారు: "రుచుల" అన్న మాట ఎదురుగా ఉండగా ఎలా వదిలేస్తారండీ? బ్రౌను 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ఎవరి దగ్గరైనా ఆ ప్రతి ఉంటే ఈ పాదం ఫొటో పెట్టండి.

వాల్తేరు విద్యార్థి: యూనివర్సిటీ లైబ్రరీలో అడుగుతాను మాస్టారూ. "చూడ" ఒక్కటే చూడాలా?

భీమిలి మాస్టారు: "జాడ" కూడా చూడు. దాని మీద నాకు వేరే అనుమానం ఉంది.