బ్రెయిన్ ఎంఆర్ఐలో ఒకేసారి రెండు స్లైసులు: నమ్మవచ్చా?

హన్మకొండ_కొడుకు:
మా నాన్నగారికి ఫిట్స్ రావడంతో డాక్టరు గారు బ్రెయిన్ ఎంఆర్ఐ రాశారు. కొత్త సాఫ్ట్‌వేర్‌తో ఒకేసారి రెండు స్లైసులు (మెదడు అడ్డపొరల చిత్రాలు) తీస్తామనీ, స్కానింగ్ సగం సమయంలో అయిపోతుందనీ ఒక సెంటర్ వారు చెబుతున్నారు. తొందరలో చిన్న మచ్చ ఏదైనా తప్పిపోతుందేమోనని నా సందేహం.

కాయిల్_పటేల్:
పద్నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్న టెక్నీషియన్‌గా చెబుతున్నాను, భయపడవలసింది లేదు. రెండు స్లైసులను ఒకే రేడియో పల్స్‌తో ఉత్తేజపరిచినప్పుడు వాటి సిగ్నళ్లు కలగలిసి వస్తాయి. అయితే తల చుట్టూ ఉండే కాయిల్‌లో, అంటే సిగ్నల్ పట్టే యాంటెన్నాల తొడుగులో, ఒక్కో ఎలిమెంట్ తనకు దగ్గరి భాగాన్ని గట్టిగా, దూరపు భాగాన్ని మెల్లగా వింటుంది. ఏనుమాముల యార్డులో రెండు మిర్చి కుప్పల దగ్గర ఒకేసారి వేలం సాగుతుంటే, వేర్వేరు చోట్ల నిలబడ్డ నలుగురు విన్నదాన్ని పోల్చి ఏ ధర ఏ కుప్పదో తేల్చవచ్చు కదా, కంప్యూటరు చేసేదీ అదే. లార్క్‌మన్ బృందం 2001లోనే దీన్ని చూపింది. స్లైసులు ఒకదానిపై ఒకటి పడకుండా పక్కకు జరిపే కిటుకును 2012లో సెట్సోంపోప్ బృందం మెదడు స్కాన్లకు చక్కగా అమర్చింది. మెదడులోని అనుసంధానాలను చిత్రించిన హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్టులోనైతే ఎనిమిదేసి స్లైసులను కలిపి తీసి, 72 స్లైసుల మెదడంతటినీ 0.72 సెకన్లకు ఒకసారి చిత్రించారు.

కాజీపేట_లెక్కలు:
పద్ధతి మీద నాకు పేచీ లేదు, ‘సగం’ అన్న మాట మీదే ఉంది. ఎక్కువ లాభం మెదడులో నీటి కదలికను చూపే డిఫ్యూజన్ స్కాన్‌లో వస్తుంది. మామూలు బ్రెయిన్ పరీక్షలో దానికి పట్టేదే ఒకటి రెండు నిమిషాలు. ఫ్లెయిర్ అనే మరో రకం స్కాన్‌లో నీటి సిగ్నల్‌ను అణచడానికి ప్రతిసారీ 2 సెకన్లు, ఆపైన కూడా, ఆగవలసిందే. ఇరవై నిమిషాల పరీక్షలో ఒక నిమిషం మిగిలితే అది సగమెలా అవుతుంది?

కాయిల్_పటేల్:
టీ2 అనే రకం స్కాన్‌లోనూ దీన్ని వాడుతున్నారు. పైగా ఒకే స్లైసులో కొలతలు తగ్గించి వేగం పెంచే పాత పద్ధతిలో, వేగం రెట్టింపు చేస్తే సిగ్నల్ నాణ్యత సుమారు 1.4 రెట్లు పడిపోతుంది. ఇందులో ప్రతి స్లైసుకూ కొలతలన్నీ ఉంటాయి కాబట్టి ఆ నష్టం లేదు.

కాజీపేట_లెక్కలు:
నేను అడిగింది నాణ్యత గురించి కాదు. సగమా, కాదా?

ములుగు_రోడ్డు:
సగం సంగతి తరువాత, ఫీజు ఏమైనా తగ్గించారా?

నర్సంపేట_నాన్న:
నాణ్యతకు నష్టం లేదన్న మాట నేను ఒప్పుకోను. ఆరేళ్ల మా పాపకు మత్తు ఇచ్చి, ఒక సెంటర్‌లో ఈ పద్ధతిలోనే తీశారు. మెదడు పైభాగం చూపే స్లైసులో నెలవంకలాంటి తెల్లని చార కనిపించింది. అది మచ్చ కాదనీ, కదిలిన కంటిగుడ్డు సిగ్నల్ పైనున్న స్లైసులోకి కారిందనీ చెప్పి మళ్లీ రమ్మన్నారు. మళ్లీ మత్తు, మళ్లీ పొద్దుటి నుంచి పస్తు. ఆ పూట పాలు కావాలని ఏడ్చిన పిల్లను ఎత్తుకుని కారిడార్‌లో తిరిగినవాడికి మీ 1.4 లెక్క చెప్పకండి.

కాయిల్_పటేల్:
కాయిల్ ఎన్ని ఛానెళ్లదో, అంటే అందులో ఎన్ని ఎలిమెంట్లున్నాయో, తెలుసా? పాత ఎనిమిది ఛానెళ్ల కాయిళ్లలో ఎలిమెంట్లు తల చుట్టూ వలయంలా మాత్రమే ఉంటాయి, పై నుంచి కిందికి తేడా పట్టలేవు. అడ్డ స్లైసులను విడదీయడానికి కావలసింది ఆ తేడాయే. అది పరికరం ఎంపికలో తప్పు, పద్ధతిది కాదు.

నర్సంపేట_నాన్న:
పద్ధతిది కాదు, పరికరానిది, రేపు పిల్లదంటారు. పాపను టేబుల్ మీంచి దింపే ముందు ఎవరైనా ఆ చిత్రాలను ఒక్కసారి తిప్పి చూసి ఉంటే, అదే మత్తులో ఒక నిమిషం పాత పద్ధతిలో తీసి ఉండేవారు కదా! ఎందుకు చూడలేదు?

కాయిల్_పటేల్:
ఎందుకంటే చూసే తీరిక లేదు! ఇప్పటికైనా నిజం చెబుతాను. మా దగ్గర ఈ సాఫ్ట్‌వేర్ రాకముందు రోజుకు 18 మంది, ఇప్పుడు 27 మంది. మిగిలిన నిమిషాలు నా చేతికి రాలేదు, స్లాట్ల పట్టికలోకి వెళ్లాయి. అలాగని ఆ తొమ్మిది మందినీ వద్దనమంటారా? ఏటూరునాగారం నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చినవారిని రేపు రమ్మని పంపిన రోజులు నేను చూశాను.

నర్సంపేట_నాన్న:
వద్దనమని ఎవరన్నారు? ఏడుగురిని పెంచుకోండి, ఇద్దరి సమయం చిత్రాలు చూడడానికి ఉంచండి.

కాయిల్_పటేల్:
ఆ మాట పట్టిక రాసేవారితో చెప్పండి. నేను చెప్పి చూశాను.

కాజీపేట_లెక్కలు:
18 నుంచి 27 అంటే ఒక్కొక్కరికి మూడో వంతు సమయం తగ్గినట్లు. సగం కాదు.

హన్మకొండ_కొడుకు:
రేపు ఉదయం ఏడు గంటలకు స్లాట్ ఇచ్చారు. నేను ఏమి అడగాలి?

కాయిల్_పటేల్:
హెడ్ కాయిల్ ఎన్ని ఛానెళ్లదో అడగండి. నాన్నగారిని కళ్లు మూసుకుని కదలకుండా ఉండమనండి. చిత్రాలన్నీ తిప్పి చూశామని టెక్నీషియన్ చెప్పేదాకా ఆయనను టేబుల్ దిగనివ్వకండి. మొదటి స్లాట్ కాబట్టి చూస్తారు.