వేడెక్కితే ఆయిల్ ప్రెషర్ పడిపోతాంది
ప్రశ్న: అన్నా, తాడిపత్రి నాపరాళ్ళు తోలే పాత లారీ, పొద్దున స్టార్ట్ చేస్తే ప్రెషర్ బాగానే ఉంటాది, గుత్తి దాటి ఇంజన్ వేడెక్కినాక న్యూట్రల్‌లో నిలబెడితే ముల్లు కిందికి పడి ఎర్ర లైటు ఎలుగుతాంది, రేస్ ఇస్తే మళ్ళీ లేస్తాది. ఇంజన్ దించాల్నా?

జవాబు: ఆగప్పా, అప్పుడే దించొద్దు. ఆయిల్ లెవెల్ చూడు, డిప్‌స్టిక్‌కు (ఆయిల్ కొలిచే కడ్డీకి) ఆయిల్ పల్చగా అంటుకొని డీజిల్ వాసన కొడితే అదే కారణం. తర్వాత సెండర్ (ఇంజన్‌కుండే, ప్రెషర్‌ను ముల్లుకు తెలిపే సెన్సార్) పీకి ఆ బొక్కలో మెకానికల్ గేజ్ (కరెంటు లేకుండా ప్రెషర్ నేరుగా చూపే మీటర్) బిగించు, శానాసార్లు తప్పు సెండర్‌దే.

జవాబు: గేజ్‌లోనూ తక్కువే చూపిస్తే ఇంజన్ కింద ఆయిల్ చాంబర్ దించి స్ట్రైనర్ (ఆయిల్ పీల్చేకాడ ఉండే జల్లెడ) కడుగు, రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ ఎక్కువైతే వదిలే వాల్వ్) స్ప్రింగ్ చూడు. అడుగున మెరిసే పొడి ఉంటే బేరింగులు అరిగినట్టే. చిక్కటి ఆయిల్ పొయ్యమంటారు కొందరు, ముల్లు లేస్తాది గాని రోగం పోదు. కింద నుంచి టకటక వచ్చిందా, బండి ఆడనే ఆపు, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇంజన్ ఇరుసు) పోతే ఖర్చు తట్టుకోలేవు.