మెకాఫ్రీని వదిలేయాలా? రేపటి డ్రాఫ్ట్‌కు నా ‘ముట్టుకోను’ జాబితా

ఫ్రిస్కో_బాబాయ్ | 2025 ఆగస్టు 29, ఉదయం 7:40

రేపు శనివారం మా ఫ్యాంటసీ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుని ఊహా జట్లు కడతాం, అసలు మ్యాచ్‌లలో వాళ్లు ఆడినదాన్ని బట్టి మాకు పాయింట్లు. 12 జట్లు, స్నేక్ పద్ధతి, క్యాచ్‌కు ఒక పాయింటు. నాకు 9వ వంతు వచ్చింది, రెండో రౌండులో వరస తిరగబడుతుంది కాబట్టి ఆ తర్వాత 16. ఎవర్ని తీసుకోవాలో చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. ఎవర్ని వదిలేయాలో ముందే తేల్చుకుంటే గడియారం తిరుగుతున్నప్పుడు చెయ్యి వణకదు.

మొదటి పేరు క్రిస్టియన్ మెకాఫ్రీ, రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాడు. వయసు 29. నిరుడు అందరూ మొదటి పిక్‌గా ఎత్తుకున్నారు, ఆడింది 4 మ్యాచ్‌లు. 2020లో 3, 2021లో 7. రెండోది ఈగల్స్ రన్నింగ్ బ్యాక్ సాక్వాన్ బార్‌క్లీ. నిరుడు 345 క్యారీలు (బంతితో పరుగులు), 2,005 యార్డులు. అంత పని చేసిన కాళ్లు వెంటనే మళ్లీ అంత పని చేయవు. మూడు, డెరిక్ హెన్రీ, 31 ఏళ్లు. నాలుగు, ట్రావిస్ కెల్సీ, ఇతను రన్నింగ్ బ్యాక్ కాదు, బంతులు పట్టేవాడు. నిరుడు 97 క్యాచ్‌లు పట్టాడు, టచ్‌డౌన్లు మాత్రం 3.

28 నిండిన రన్నింగ్ బ్యాక్‌ను మొదటి రెండు రౌండ్లలో ముట్టుకోను. ఇదీ నా రూలు. అభ్యంతరాలుంటే చెప్పండి.

చివరి_పిక్ | 7:52

డాలస్ డిఫెన్స్‌ను కూడా కలపండి బాబాయ్. నిన్న డిఫెన్స్‌లో పెద్ద ఆటగాడు పార్సన్స్‌ను గ్రీన్ బేకి పంపేశారు కదా.

ఫ్రిస్కో_బాబాయ్ | 7:55

ఆ సంగతి ఇక్కడ ఎత్తకండి. రాత్రి నిద్ర లేదు.

సన్నీవేల్_శీను | 8:31

బాబాయ్, కెల్సీ ఒక్కడి విషయంలో ఒప్పుకుంటాను. మెకాఫ్రీ దగ్గర లెక్క సగంలో ఆపేశారు. 2020లో 3, 2021లో 7 అన్నారు, బాగుంది. 2022లో ఎన్ని? 17. సీజన్ మధ్యలో కరోలినా నుంచి మా జట్టు శాన్‌ఫ్రాన్సిస్కో 49ersకి మారి కూడా 17. 2023లో 16 మ్యాచ్‌లు, 1,459 యార్డుల పరుగు, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. క్యాచ్‌లతో కలిపి 21 టచ్‌డౌన్లు. 2022 ఆగస్టులో కూడా ‘రెండేళ్లుగా దెబ్బలే, వద్దు’ అన్నవాళ్లున్నారు. వాళ్లు వదిలేస్తే తీసుకున్నవాళ్లు పండగ చేసుకున్నారు.

హెన్రీ సంగతీ అంతే. నిరుడు 30 నిండాయని భయపడ్డారు. 1,921 యార్డులు, 16 రషింగ్ టచ్‌డౌన్లు. మీ రూలు నిరుడు పాటించి ఉంటే హెన్రీ, మెకాఫ్రీ ఇద్దరూ పోయేవాళ్లు. ఒకరి విషయంలో బతికిపోయేవారు, ఇంకొకరి విషయంలో మునిగేవారు. అలాంటప్పుడు ఆ రూలు ఎందుకు?

కొత్త_మేనేజర్ | 8:40

అందరికీ నమస్కారం. మొదటిసారి ఆడుతున్నాను. కిక్కర్‌ను ఏ రౌండులో తీసుకుంటే మంచిది?

నాలుగో_డౌన్ | 9:15

బార్‌క్లీ విషయంలో బాబాయ్‌గారిదే రైటు. ‘370 శాపం’ అని పాత లెక్క ఒకటుంది. ఒక సీజన్‌లో 370 క్యారీలు, అంతకు మించి చేసినవాడు మరుసటి ఏడాది కూలబడతాడు. టెరెల్ డేవిస్ 1998లో 392, మరుసటి ఏడు నాలుగో మ్యాచ్‌లో మోకాలు పోయింది. షాన్ అలెగ్జాండర్ 2005లో 370, తర్వాత 10 మ్యాచ్‌లే. లారీ జాన్సన్ 2006లో 416, తర్వాత 8. డిమార్కో ముర్రే మన డాలస్‌లో 2014లో 392, మరుసటి ఏడు ఫిలడెల్ఫియాలో పరుగు మొత్తం 702 యార్డులే. హెన్రీ 2020లో 378, తర్వాత 8 మ్యాచ్‌లకే పాదం విరిగింది. ఇంకా సాక్ష్యం కావాలా?

ప్లేనో_పద్మ | 9:22

బార్‌క్లీవి 345 కదండీ. 370 ఎక్కడుంది?

నాలుగో_డౌన్ | 9:26

ప్లేఆఫ్స్ (సీజన్ తర్వాతి నాకౌట్ మ్యాచ్‌లు) కలపాలి. అక్కడ 91. మొత్తం 436.

ప్లేనో_పద్మ | 9:34

మీరు చెప్పిన అయిదుగురికీ రెగ్యులర్ సీజన్ అంకెలే ఇచ్చారు. టెరెల్ డేవిస్ ఆ ఏడాది సూపర్‌బౌల్ ఫైనల్ దాకా ఆడాడు, అతనికి కలపలేదే? బార్‌క్లీకి మాత్రం కలిపితే ఎలా? పైగా ఆఖరి వారం అతన్ని కూర్చోబెట్టారు. ఒక సీజన్‌లో ఎక్కువ పరుగు రికార్డు ఎరిక్ డికర్సన్‌ది, 1984లో 2,105 యార్డులు. దానికి 100 యార్డుల దూరంలో ఉండి కూడా బార్‌క్లీ ఆడలేదు.

డికర్సన్ పేరు వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఆయన 1983లో 390 క్యారీలు చేశాడు. శాపం తగిలిన మరుసటి ఏడే ఆ రికార్డు. లాడేనియన్ టామ్లిన్సన్ 2002లో 372. 2003లో 1,645 యార్డులు, మీదుమిక్కిలి 100 క్యాచ్‌లు. అసలు 370 క్యారీలు చేశాడంటేనే ఆ ఏడాది దెబ్బ తగలకుండా, అన్నీ కలిసొచ్చి ఆడాడని. మరుసటి ఏడు అందులో కొంచెం తగ్గడం ఎవరికైనా మామూలే. శాపం దాకా ఎందుకు?

నాలుగో_డౌన్ | 9:41

డికర్సన్ కాలం వేరు. ప్లేఆఫ్స్‌లో దెబ్బలు దెబ్బలు కావా? 436.

ఫ్రిస్కో_బాబాయ్ | 10:20

శీనూ, నువ్వు అంకెలు బాగానే చెప్పావు. నేను అనుభవించింది చెబుతాను. నిరుడు నాకు ఒకటో వంతు. మెకాఫ్రీని తీసుకున్నాను. పిక్క నొప్పి అని అప్పటికే వార్తలున్నాయి. నేను వినే పాడ్‌కాస్ట్‌లో ఒక పెద్దమనిషి ‘కంగారు అక్కర్లేదు’ అని రోజూ జోల పాడాడు. మొదటి వారం ఆట సోమవారం రాత్రి, జెట్స్‌తో. ఆదివారం మ్యాచ్‌లన్నీ అయిపోయాయి, నా బెంచ్ మీద వాళ్లందరి ఆటా అయిపోయింది. తీరా మ్యాచ్‌కి కాస్త ముందు ‘ఆడటం లేదు’ అన్నారు. ఆ స్థానంలో పెట్టడానికి మనిషి లేడు. సున్నా. బదులుగా దిగిన జోర్డన్ మేసన్ 147 యార్డులు కొట్టాడు. ఆ మేసన్ ఎవరి దగ్గరున్నాడో చెప్పమంటావా? ఆ వారం నాతో ఆడినవాడి దగ్గరే.

నవంబరు 10న తిరిగొచ్చాడు, డిసెంబరు 1న బఫెలో మంచులో మోకాలు పోయింది. మా ఫ్యాంటసీ లీగ్ ప్లేఆఫ్స్ మొదలయ్యేది 15వ వారంలో. ఇంకేం మిగిలింది?

సన్నీవేల్_శీను | 10:48

సోమవారం ఆడేవాడిమీద అనుమానం ఉంటే, అదే రాత్రి ఆడే ఇంకొకడిని బెంచ్ మీద ఉంచుకోవాలి. మొదటి పిక్ వాడికి హ్యాండ్‌కఫ్‌గా, అంటే వాడు ఆడకపోతే బదులు దిగేవాడిగా మేసన్‌ని ఆఖరి రౌండులో అయినా తీసుకోవాలి. ఇవి రెండూ మీరు చేయలేదు. జట్టు నడపడం రాక ఆటగాడిని జాబితాలో పెడితే ఎలా బాబాయ్?

చివరి_పిక్ | 10:50

అబ్బో. పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

ఫ్రిస్కో_బాబాయ్ | 11:05

నేను ఆదివారం పొద్దున పిల్లల్ని తెలుగు బడికి దింపి, కూరగాయలు తెచ్చి, లైనప్ పెట్టుకునేవాణ్ణి. సోమవారం రాత్రికి ఎవడు దిగుతాడో కాపలా కాయడానికి నాకు జీతం ఇవ్వరు. నువ్వు చెప్పేది చేయాలంటే రెండు బెంచ్ సీట్లు ఒక్క మనిషి కోసం తగలెయ్యాలి. అంత కాపలా కావలసినవాడు మొదటి పిక్ ఎలా అవుతాడు? అదే కదా నా పాయింటు.

అయినా ప్రొఫైల్ బొమ్మలో 49ers ఎర్ర జెర్సీ వేసుకున్నవాడు మెకాఫ్రీ గురించి నిష్పక్షపాతంగా మాట్లాడతాడంటే నమ్మమంటావా? నువ్వు మేనేజర్‌వి కాదు, అభిమానివి.

సన్నీవేల్_శీను | 11:17

మీరు మాత్రం? డాలస్ కౌబాయ్స్ అభిమాని బద్ధ ప్రత్యర్థి ఈగల్స్ రన్నింగ్ బ్యాక్‌ను ‘అరిగిపోయాడు’ అంటే అది విశ్లేషణా? ఇన్నేళ్లలో ఎప్పుడైనా ఈగల్స్ వాణ్ణి తీసుకున్నారా, నిజం చెప్పండి.

ఫ్రిస్కో_బాబాయ్ | 11:19

తీసుకోను. చచ్చినా తీసుకోను. అది వేరే విషయం.

సన్నీవేల్_శీను | 11:24

వేరే విషయం కాదు, అదే విషయం! మీ జాబితాలో ఒకడు పాత కోపం, ఒకడు పక్క జట్టు, మిగతా ఇద్దరూ వయసు. దానికి ‘రూలు’ అని పేరు పెట్టారు. నాకు 9వ వంతులో మెకాఫ్రీ దొరికితే కళ్లు మూసుకుని తీసుకుంటా. మేసన్ మిన్నెసోటాకి వెళ్లిపోయాడు, బంతులన్నీ మెకాఫ్రీకే. 17 మ్యాచ్‌లు ఆడితే లీగ్ నాదే. ఆడకపోతే పోనీ, వచ్చే ఏడాది చూసుకుంటా.

ఫ్రిస్కో_బాబాయ్ | 11:40

‘పోనీ’ అనడం నీకు తేలిక. మా లీగ్‌లో ఆఖరున వచ్చినవాడి సంగతి నీకేం తెలుసు? ఫిబ్రవరిలో సూపర్‌బౌల్ రోజున 12 కుటుంబాలకు మేక బిర్యానీ వండి పెట్టాలి. గరాజ్‌లో పొయ్యి పెట్టుకుని నేనే వండాను. లీగ్ నడిపే కమిషనర్ మా బావమరిది. అందరి ముందు నా జట్టు స్కోర్లు వారం వారీగా చదివాడు. మా అత్తగారు కూడా నవ్వారు. ఐఆర్ స్లాట్ (గాయపడ్డవాళ్లకు బెంచ్ కాకుండా విడిగా చోటు) పెట్టరా, గాయపడ్డవాణ్ణి బెంచ్ మీద మోయలేకపోతున్నాం అంటే, ‘రూల్సు అడిగేది గెలిచినవాళ్లు బావా’ అన్నాడు. వారాల తరబడి మెకాఫ్రీ నా బెంచ్ మీద సీటు తిన్నాడు. వదిలేస్తే వేరేవాడు ఎత్తుకుంటాడు, ఉంచితే వేవర్‌లో, అంటే ఎవరూ తీసుకోనివాళ్లలోంచి, మనిషిని తెచ్చుకునే చోటు లేదు.

ప్లేనో_పద్మ | 11:58

ఇది మొదటి పోస్టులో రాయాల్సింది కదండీ! ఐఆర్ స్లాట్ లేదు, ఆఖరివాడికి శిక్ష ఉంది. శీనుగారూ, మీ లీగ్‌లో?

సన్నీవేల్_శీను | 12:06

రెండు ఐఆర్ స్లాట్లు. డబ్బంతా మొదటివాడికే. రెండో స్థానమైనా పన్నెండో స్థానమైనా ఒకటే, చేతికి ఏమీ రాదు.

ప్లేనో_పద్మ | 12:15

మరింకేం. మీకు ఆడకపోతే పోయేదేమీ లేదు, ఆడితే అంతా మీదే. బాబాయ్‌గారికి ఆరో స్థానం వచ్చినా చాలు, పన్నెండు కాకుంటే చాలు. మెకాఫ్రీ ఇద్దరికీ ఒకే ఖరీదు ఎందుకవుతాడు? ఇంకో మాట. ఈ ఏడాది బార్‌క్లీ మొదటి అయిదు పిక్‌లలోనే పోతున్నాడు. 9వ వంతుకి రాడు. పొద్దుటి నుంచి 370 గొడవ ఎందుకు పడ్డామో మరి.

సన్నీవేల్_శీను | 12:33

సరే, బిర్యానీ సంగతి నాకు తెలియదు. కానీ బాబాయ్, అలాంటి శిక్షలున్న లీగ్ నాకు నచ్చదు. అందరూ దెబ్బ తగలని, బోరు కొట్టే జట్లు కడతారు. గెలవడానికి ఎవడూ ఆడడు, వంట తప్పించుకోవడానికి ఆడతారు.

ఫ్రిస్కో_బాబాయ్ | 12:50

మరి మీ పద్ధతిలో? నవంబరు వచ్చేసరికి ఆరుగురు చేతులెత్తేస్తారు. లైనప్ కూడా పెట్టరు. బై వీక్‌లో ఉన్నవాళ్లు, అంటే ఆ వారం అసలు మ్యాచే లేనివాళ్లు, జట్టులో అలాగే ఉంటారు. ఆ వారం వాళ్లతో ఆడినవాడికి ఊరికే గెలుపు. ముందు ఆడినవాడికి మాత్రం ఆ అదృష్టం లేదు. నేను అలాంటి లీగ్‌లో కూడా ఆడాను, ఆఫీసు వాళ్లది. డిసెంబరులో గ్రూపులో ఒక్క మెసేజ్ లేదు. మా లీగ్‌లో పన్నెండోవాడు కూడా ఆఖరి వారం దాకా మేలుకునే ఉంటాడు. బిర్యానీ పుణ్యమే.

సన్నీవేల్_శీను | 12:58

చేతులెత్తేసేవాళ్లను తీసేసి కొత్తవాళ్లను తెచ్చుకోవాలి. దానికి మంచివాళ్లను ఇబ్బంది పెట్టడం ఎందుకు?

ఫ్రిస్కో_బాబాయ్ | 1:04

తీసేయడానికి వాళ్లు ఉద్యోగులా? బావమరుదులు, తోడల్లుళ్లు, అపార్ట్‌మెంట్ రోజుల నుంచి ఉన్న స్నేహితులు. నువ్వు గెలవడానికి ఆడతావు. మాకు సెప్టెంబరు నుంచి జనవరి దాకా ఆదివారాలు కలిసి కూర్చోవడానికి ఒక వంక కావాలి. పోయేదేమీ లేకపోతే ఎవడూ రాడు.

సన్నీవేల్_శీను | 1:11

వంకే కావాలంటే జాబితా ఎందుకు బాబాయ్, చీట్లు వేసుకోండి.

చివరి_పిక్ | 1:13

తోడల్లుడు కూడా ఉన్నాడా లీగ్‌లో! ఇప్పుడు అర్థమైంది టెన్షన్.

ప్లేనో_పద్మ | 1:30

బాబాయ్‌గారూ, 9లో ఒక రిసీవర్‌ను తీసుకోండి. నాబర్స్ మిగిలితే నాబర్స్. నిరుడు కొత్తగా వచ్చి 109 క్యాచ్‌లు పట్టాడు, మీ లీగ్‌లో క్యాచ్‌కు ఒక పాయింటు. 16లో ఏ రన్నింగ్ బ్యాక్ ఉంటే వాణ్ణి. హెన్రీ అక్కడిదాకా జారితే మాత్రం మీ రూలు పక్కన పెట్టండి. మొదటి పిక్‌గా 31 ఏళ్లవాడు వేరు, రెండో రౌండు మధ్యలో వేరు.

ఫ్రిస్కో_బాబాయ్ | 1:42

నాబర్స్ సరే. హెన్రీ దగ్గర ఆలోచిస్తాను. మెకాఫ్రీ మాత్రం 16లో ఉన్నా తీసుకోను.

సన్నీవేల్_శీను | 1:44

16లోనా?! నాకు మీ లీగ్‌లో చోటు ఇప్పించండి.

కొత్త_మేనేజర్ | 1:50

కిక్కర్ గురించి ఎవరూ చెప్పలేదు.

ప్లేనో_పద్మ | 1:52

ఆఖరి రౌండులో, తమ్ముడూ. అంతకుముందు వద్దు.

నాలుగో_డౌన్ | 2:20

టెరెల్ డేవిస్ ప్లేఆఫ్స్ కూడా కలిపి చూశాను. అతనిదింకా ఎక్కువే. అంటే నా వాదన ఇంకా బలపడింది.