ఫ్లోరింగ్ కోట్: అడుగుకు 185 "అన్నీ కలిపి" అంటే నమ్మొచ్చా?

బరంపురం_పాతిల్లు: ఎర్ర గచ్చు కొట్టి 2×2 అడుగుల విట్రిఫైడ్ టైల్స్ వేయడానికి ఒక కాంట్రాక్టరు చదరపు అడుగుకు 185 రూపాయలు అంటున్నాడు, అన్నీ కలిపి. ఇంకొకాయన 160, స్కర్టింగ్ (గోడ అడుగున వేసే టైల్ పట్టీ) వేరు. ఇల్లు 720 అడుగులు. ఏది న్యాయం? టైల్స్ సరిహద్దు దాటి ఆంధ్రలోని ఇచ్ఛాపురంలో చవకా?

పర్లాకిమిడి_సివిల్: 720 ఏ కొలత? స్లాబు కొలతైతే గోడల మందానికీ మీరే డబ్బు కడుతున్నారు. లోపల గోడ నుంచి గోడకి టేపు పట్టండి. 10×12 గదికి నేల 120. చుట్టూ 44లో గుమ్మం 3 తీస్తే స్కర్టింగ్ 41 రన్నింగ్ (పొడవు) అడుగులు, 4 అంగుళాల ఎత్తుకి 14 చదరపు అడుగులే. మొత్తం 134, తరుగు 7 శాతంతో 143. పెట్టెకి 4 టైల్స్, అసలు కొలత 60 సెం.మీ. కాబట్టి 15.5 అడుగులు. పది పెట్టెలు చాలు. పన్నెండు రాస్తే నిలదీయండి.

గుణుపురం_మేస్త్రీ: స్కర్టింగ్ కోత, అంచు నునుపు చేయడం ఎంత పనో మీకేం తెలుసండీ? చదరపు అడుగు లెక్కన ఎవడూ చెయ్యడు. రన్నింగ్ అడుగు రేటు విడిగా రాయించుకోండి. అసలు అడగాల్సింది టైల్ కింద బెడ్ (సిమెంటు-ఇసుక పొర) మందం, పాళ్లు. 2 అంగుళాల బెడ్, 1:6 అయితే 100 అడుగులకి రెండున్నర బస్తాల సిమెంటు, 19 ఘనపుటడుగుల ఇసుక. తక్కువ కోట్ వాళ్లు కోత పెట్టేది ఇక్కడే.

రాయగడ_ఇంటీరియర్: విట్రిఫైడ్‌కి ఇంకా సిమెంటా? అది నీరు పీల్చేది 0.5 శాతం లోపు, సిమెంటు పాలు ఎక్కడ పట్టుకుంటాయి? కొన్నాళ్లకి రూపాయి బిళ్లతో తడితే డొల్ల శబ్దం. టైల్ గమ్ (నీళ్లలో కలిపే జిగురు పొడి) వాడండి. 20 కిలోల బస్తా 3 మి.మీ. మందాన 40-50 అడుగులకి వస్తుంది. బస్తా మీద టైల్ గమ్ ప్రమాణం ఐఎస్ 15477 ఉండాలి.

గుణుపురం_మేస్త్రీ: డొల్ల వచ్చేది నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి టైల్ అతికిస్తే. గమ్‌తోనూ అదే చేస్తున్నారు మీవాళ్లు. గచ్చు కొట్టాక నేల అంగుళం ఎత్తుపల్లాలుంటుంది, 3 మి.మీ. గమ్ ఏం సరిచేస్తుంది?

రాయగడ_ఇంటీరియర్: ముందు స్క్రీడ్ (నేల సమం చేసే సిమెంటు పొర) వేసి, తడిపి, ఆరాకే గమ్. ఆ మాత్రం తెలియకుండా ఈ పని చేస్తున్నామా? పళ్ల తాపీతో గమ్ గీసి టైల్ నొక్కి, వెంటనే ఎత్తి వెనక చూడండి. అంతటా అంటితేనే పని వచ్చినట్టు. ఈ పరీక్షకి ఒప్పుకోని మేస్త్రీకి పని ఇవ్వొద్దు.

గుణుపురం_మేస్త్రీ: మరి ఆ స్క్రీడ్ ఖర్చు మీ కోట్‌లో ఏ లైన్లో ఉంటుంది? చెప్పండి.

జయపురం_నేల: అసలు గచ్చు ఎందుకు కొట్టడం? పగుళ్లు లేకపోతే పైపొర గరుకు చేసి దాని మీదే గమ్‌తో వేయొచ్చు. టైల్ 9, గమ్ 4, అర అంగుళం లేస్తుంది. తలుపుల అడుగు కోయాలి, అంతే.

పర్లాకిమిడి_సివిల్: తొందరపడొద్దు. పాత ఇళ్లలో కింద నుంచి చెమ్మ ఎక్కుతుంది. మీటరు ప్లాస్టిక్ షీటు నేలకి పరిచి అంచులన్నీ టేపు వేసి ఒక రోజు ఉంచండి. అడుగున నీటి బొట్లుంటే గచ్చు మీద వేయకండి. ఇంకోటి, గోపాల్‌పూర్ సముద్రం వైపు ఉప్పు ఇసుక తోలితే సందుల్లో తెల్లగా పొంగుతుంది. నది ఇసుకే అని కోట్‌లో రాయించండి.

ఛత్రపురం_అకౌంట్స్: ఇచ్ఛాపురం ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. టైల్స్ మీద జీఎస్టీ అక్కడా ఇక్కడా 18 శాతమే. తేడా బేరంలో, బండి కిరాయిలో ఉంటుంది. సిమెంటు 2025 సెప్టెంబరు 22 నుంచి 28 కాదు, 18. పాత రేటుతో కోట్ ఇస్తే దించమనండి. జీఎస్టీ నంబరు లేని కాంట్రాక్టరు జీఎస్టీ వసూలు చేయకూడదు.

బరంపురం_పాతిల్లు: స్లాబు కొలతేనండీ. లోపల 610 వచ్చింది! 185 లెక్కన 20,350 తేడా. పైగా గచ్చు మట్టి ఎత్తడం "అన్నీ"లో లేదట.

గుణుపురం_మేస్త్రీ: 3 అంగుళాలు కొడితే 152 ఘనపుటడుగులు, విరిగాక 200 దాటుతుంది. 100 పట్టే ట్రాలీకి రెండు నిండు ట్రిప్పులు, పైన కొంచెం. ట్రిప్పుకి ఇంత అని ఇప్పుడే తేల్చుకోండి. స్క్రీడ్ సంగతి రాయగడ గారు ఇంకా చెప్పలేదు.