మాల్‌లో పుస్తకాల షాపు మూసేస్తున్నారు, కాలనీలో మనమే ఒకటి నడపగలమా?

ఎంవీపీ_చదువరి

మా వైపు మాల్‌లో ఉన్న చెయిన్ పుస్తకాల షాపు ఈ నెలాఖరుకి ఎత్తేస్తున్నారు. ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు కదా అంటున్నారు చాలామంది. ఏం కావాలో తెలిసినవాళ్లకి ఆన్‌లైన్ చాలు. ఇంకా తెలియని పిల్లలకి చాలదు, నేల మీద చతికిలబడి పది పుస్తకాలు తిరగేస్తే గానీ పదకొండోది నచ్చదు. తెలుగు పుస్తకాలకి అక్కడ ఉన్నవే రెండు అరలు, ఇప్పుడు అవీ పోతున్నాయి.

విశాఖ ఎంవీపీ కాలనీలో మా అసోసియేషన్‌కి కమ్యూనిటీ హాలు పక్కన 12 బై 15 అడుగుల గది ఒకటి ఖాళీగా ఉంది, అద్దె కట్టక్కర్లేదు. కొందరు తలా కొంత వేసుకోడానికి సిద్ధంగా ఉన్నారు. పెట్టుబడి ఎంత కావాలి? నెలకి ఎన్ని అమ్మితే గట్టెక్కుతాం? జీఎస్టీ సంగతేంటి? సముద్రపు గాలికి పుస్తకాలు పాడవకుండా ఏం చేయాలి? ఇంకో సంగతి: మా బ్లాకులో ఒకావిడ సొంత ఖర్చుతో అచ్చేయించుకున్న కథల పుస్తకం కాపీలు 40 ఆ షాపులోనే ఉన్నాయి. అవి వెనక్కి వస్తాయా?

కౌంటర్_లెక్క

ముందు ఆ 40 కాపీల సంగతి చూడండి, మిగతావి ఆగుతాయి. అమ్ముడైతేనే డబ్బు అనే లెక్కన ఇచ్చి ఉంటే డెలివరీ చలానా (పుస్తకాలు అప్పగించినప్పుడు రాసుకున్న కాగితం) కాపీ పట్టుకుని రేపే వెళ్లమనండి. అమ్మినవెన్ని, మిగిలినవెన్ని అని మేనేజర్ సంతకంతో రాయించుకుని, మిగిలినవి షట్టర్ దించకముందే తెచ్చేసుకోవాలి. సరుకు ఒకసారి వేరే ఊరి గోడౌన్‌కి పోతే పుస్తకం పుస్తకం వెతికి ఇచ్చేవాళ్లుండరు. చలానాలో ఏం రాసుందో కూడా చూడమనండి. 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, వాపసు గడువు రాసుకుని, ఆ గడువు దాటినా షాపువాళ్లు తిప్పి పంపకుండా ఉంచేసుకుంటే సరుకు వాళ్లదైపోయినట్టే. అప్పుడు ఆవిడ బాకీ రావాల్సిన నలుగురిలో ఒకరవుతారు. అందుకే ‘సొమ్ము ముట్టేదాకా సరుకు మాదే’ అనే ముక్క చలానాలో ఉండి తీరాలి. మీరు పెట్టబోయే షాపులో రచయితల దగ్గర పుస్తకాలు తీసుకునేటప్పుడు మీ అంతట మీరే ఆ ముక్క రాసివ్వండి.

ఇక లెక్క. తెలుగు పుస్తకాల మీద షాపుకి దొరికే కమీషన్ పబ్లిషర్‌ని బట్టి, నగదా అరువా అన్నదాన్ని బట్టి సుమారు 25 నుంచి 40 శాతం. 30 అనుకుందాం. 200 రూపాయల పుస్తకం మీకు 140కి పడుతుంది, 60 మిగులుతుంది. అద్దె, జీతం, కరెంటు కలిపి నెలకి 30,000 అయ్యే షాపు నిలబడాలంటే 500 పుస్తకాలు కదలాలి. మీకు అద్దె లేదు. సాయంత్రాలు కూర్చునే ఒక మనిషికీ, కరెంటుకీ, పార్సిళ్లకీ కలిపి 6,000 వేసుకుంటే 100 పుస్తకాలు చాలు. కాలనీలో అది జరిగే పనే.

పుస్తకాల షాపులో సరుకు ఏడాదికి మూడుసార్లు తిరిగితే, అంటే అరల్లో ఉన్నంత సరుకు మూడుసార్లు అమ్ముడైతే, బాగా నడిచినట్టు. నెలకి 100 అంటే ఏడాదికి 1,200, కాబట్టి అరల్లో 400 ఉండాలి. కొనుగోలు ధర 56,000. కానీ ఆ గదికి 400 పుస్తకాలు వెలితిగా కనిపిస్తాయి. ఇంకో 300, అమ్ముడుపోకపోతే తిరిగిచ్చేసే వాపసు షరతు మీద తెచ్చుకోండి.

జీఎస్టీకి భయపడక్కర్లేదు. అచ్చు పుస్తకాల మీద పన్ను సున్నా, పుస్తకాలే అమ్మితే రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. చెయిన్ షాపుల్ని నొక్కేసిన కారణాల్లో ఈ సున్నా కూడా ఒకటి. మాల్ అద్దె మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. పక్కనున్న బట్టల షాపుకి ఆ పన్ను అమ్మకాల పన్నులో సర్దుబాటవుతుంది. అమ్మకం మీద పన్నే లేని పుస్తకాలకి సర్దుబాటు దేంట్లో చేస్తారు? అది నికరంగా ఖర్చు కిందే పోతుంది. బొమ్మలూ బ్యాగులూ ముందుకొచ్చి పుస్తకాలు వెనక గోడకి జరగడంలో ఈ లెక్క వాటా తక్కువేం కాదు.

కొనుగోళ్లన్నీ ఎక్కడో హెడ్డాఫీసులో జరగడం రెండో జబ్బు. అమెరికాలో బార్న్స్ అండ్ నోబుల్ అనే పుస్తకాల చెయిన్‌కి 2019లో జేమ్స్ డాంట్ సీఈవోగా వచ్చాక ఏ ఊళ్లో ఏ పుస్తకం పెట్టాలో ఆ ఊరి షాపువాళ్లకే వదిలేశారు. ఆ సంస్థ మళ్లీ కొత్త షాపులు తెరుస్తోంది. మీ బలమూ అదే: మీ కాలనీ ఏం చదువుతుందో మీకు తెలుసు.

అట్ట_బైండు

అరల గురించి చెప్తాను. మన ఊళ్లో పుస్తకాన్ని తినేది చెదల కన్నా తేమ. గాలిలో తేమ 65 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజు మొదలవుతుంది. మొదట కనపడేది వీపు లోపల, జిగురు పట్టిన మడత దగ్గర: పిండి చల్లినట్టు తెల్లటి చుక్కలు. పైన అట్ట నిగనిగలాడుతూనే ఉంటుంది, అందుకే ఆలస్యంగా తెలుస్తుంది. తేమ చూపించే చిన్న డిజిటల్ మీటర్ ఒకటి గోడకి పెట్టండి, ఖరీదు తక్కువే.

ర్యాక్ గోడకి ఆనించొద్దు, నాలుగు అంగుళాలు వదలండి. కింది అర నేలకి ఆరు అంగుళాలు ఎత్తున ఉండాలి, నేల తుడిచిన నీళ్లు మొదట తగిలేది దానికే. పుస్తకాల్ని బిగించి సర్దొద్దు, వేలు దూరేంత సందు ఉండాలి. ఏసీ సాయంత్రం రెండు గంటలు వేసి కట్టేయడం మంచిది కాదు. చల్లబడిన అట్టల మీదకి ఉక్కగాలి రాగానే చెమ్మ పడుతుంది. దానికన్నా ఎదురెదురు కిటికీలూ, ఎగ్జాస్ట్ ఫ్యానూ నయం.

మామూలు ఇనుప ర్యాక్ బీచ్ గాలికి తొందరగా తుప్పు పడుతుంది, ఆ మరక పుస్తకాల అడుగు అంచుకి అంటితే పోదు. 710 గ్రేడ్ (నీళ్లకి తట్టుకునే రకం) ప్లైవుడ్‌తో, 18 ఎంఎం మందంతో చేయించండి. నిలువు చెక్కల మధ్య 30 అంగుళాలకి మించితే అర నడుమ వంగిపోతుంది, కాబట్టి మూడడుగుల ర్యాక్‌కి మధ్యలో ఒక ఆనిక పెట్టించండి. మన పుస్తకాలు ఎక్కువగా డెమ్మీ సైజే (మామూలు కథల పుస్తకం కొలత) కాబట్టి అర లోతు 9 అంగుళాలు చాలు. అడుగుకి సుమారు 20 పుస్తకాలు పడతాయి. 700 పుస్తకాలకి 35 అడుగులు, కొన్ని అట్ట కనపడేలా నిలబెట్టాలి కాబట్టి 50 అనుకోండి. మూడడుగుల వెడల్పు, ఆరు అరల ర్యాక్‌లు మూడు సరిపోతాయి. పిల్లల పుస్తకాలు మాత్రం కింది రెండు అరల్లో, అట్ట ముందుకి ఉండాలి. వీపులు చూసి పిల్లలు పుస్తకం తియ్యరు.

రూపాయికి_8_పైసలు

షాపు పెట్టుకోండి, మంచిదే. కానీ షాపు లైబ్రరీ పని చెయ్యదు. కొనలేని పిల్లలు ఆ చెయిన్ షాపులో ఊరికే చదువుకునేవాళ్లు, వాళ్లకి దారి చూపించాలి. 1960 గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనం కడుతున్నాం. పిల్లల పుస్తకాలు కొనమనీ, సాయంత్రం వేళలు పెంచమనీ అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద జిల్లా గ్రంథాలయ సంస్థకి రాసి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. ఈలోగా ద్వారకానగర్‌లోని విశాఖపట్నం పౌర గ్రంథాలయానికి ఆదివారాలు పిల్లల్ని తీసుకెళ్లే ఏర్పాటు చెయ్యండి. మీ గదిలోనే అరువిచ్చే అర కూడా పెడదామని ఎవరైనా అంటే వద్దనండి. నెల తిరిగేసరికి ఏది అమ్మకానిదో ఏది అరువుదో తేలదు, స్టాకు లెక్క కుదరదు.

రవాణా గురించి ఒక మాట. 2025 మే 1 నుంచి పోస్టాఫీసులో పుస్తకాలు తక్కువ ఖర్చుతో పంపే జ్ఞాన్ పోస్ట్ ఉంది: 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, పన్ను అదనం. రెండొందల పేజీల డెమ్మీ పుస్తకం సుమారు 250 గ్రాములు, అంటే 5 కిలోల్లో 18 దాకా పడతాయి. పుస్తకం మీద ప్రింటర్ లేదా పబ్లిషర్ పేరుండాలి. పత్రికలూ ప్రకటనలున్నవీ తీసుకోరు. రోడ్డు, రైలు మార్గాన వస్తుంది కాబట్టి తొందరున్నవి విజయవాడ నుంచి ఆర్టీసీ కార్గోలో తెప్పించండి.

ఎంవీపీ_చదువరి

చాలా థ్యాంక్సండీ. చలానా కాపీ ఆవిడ దగ్గర ఉంది, రేపు వెళ్తున్నాం. ఒక్క అనుమానం: సభ్యులకి 10 శాతం తగ్గింపు ఇవ్వాలని అందరూ పట్టుబడుతున్నారు. ఇవ్వొచ్చా?

కౌంటర్_లెక్క

మొదటి ఏడాది ఇవ్వొద్దు. 200 పుస్తకం 180కి ఇస్తే మిగిలేది 60 కాదు, 40. అదే 6,000 ఖర్చుకి 100 బదులు 150 పుస్తకాలు అమ్మాలి. పదిశాతం తగ్గించినందుకు అమ్మకం సగానికి సగం పెరగాలన్నమాట. ఆన్‌లైన్‌వాళ్లతో తగ్గింపులో మీరు ఎటూ పోటీ పడలేరు. దానికి బదులు, అడిగిన పుస్తకం లేకపోతే వారంలో తెప్పించి ఇవ్వండి. కౌంటర్ మీద ఒక నోట్‌బుక్ పెట్టి, అడిగిన పుస్తకం పేరు, అడిగినవాళ్ల ఫోన్ నంబరు రాయించండి. రెండో ఆర్డర్ ఆ నోట్‌బుక్ చూసి పెట్టాలి. మొదటి ఆర్డర్‌లో ఏ పుస్తకమూ రెండు కాపీలు దాటనివ్వకండి, పిల్లల బొమ్మల పుస్తకాలైతే మూడు. పోటీ పరీక్షల గైడ్లు అసలు వద్దు, కొత్త ఎడిషన్ రాగానే పాతవి ఎవరూ ముట్టుకోరు, పైగా ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ల పక్కనే దొరుకుతాయి.