పొట్ట స్కానింగ్‌కి బొచ్చు తీయాల్సిందేనా, స్పిరిట్‌తో తడిపితే చాలదా?

పామ్‌పెంపకం:
పామరేనియన్‌కి కడుపు స్కాన్ అంటే చాలాచోట్ల ముందే క్లిప్పర్ పట్టుకుంటున్నారు. ఈ జాతికి ఒకసారి తీస్తే మళ్లీ మొలవడానికి ఏడాదైనా పట్టొచ్చు. స్పిరిట్ పోసి, జెల్ రాస్తే పని జరగదా?

స్కాన్‌గది:
జరగదండీ. అడ్డమల్లా వెంట్రుకల మధ్య చిక్కుకున్న గాలి. శబ్దతరంగం గాలి తగలగానే దాదాపు మొత్తం వెనక్కి తిరిగొస్తుంది, తెర మీద చారలే మిగులుతాయి. పేగు గోడలో అయిదు పొరలూ విడివిడిగా కనబడాలి, చిన్న కుక్కలో కొద్ది మిల్లీమీటర్ల అడ్రినల్ గ్రంథిని కొలవాలి. మసక బొమ్మ మీద ఆ కొలత నమ్మలేం. చర్మం దాకా తీసే 40 నంబరు క్లిప్పర్ బ్లేడుతో రొమ్ము ఎముక కొస నుంచి పొత్తికడుపు కింది దాకా తీసి, స్పిరిట్‌తో జిడ్డు తుడిచి, జెల్ బాగా పట్టించాలి.

రాత్రిడ్యూటీ:
దేనికోసం స్కాన్ అన్నది ముందు తేలాలి కదా. బండి గుద్దిన కుక్క కడుపులో రక్తం చేరిందా అని చూడ్డానికి బొచ్చు తీస్తూ కూర్చోలేం. పాయ తీసి తడిపితే నల్లగా నిలిచిన ద్రవం కనబడిపోతుంది. చూలు తెలుసుకోవడానికీ అంతే. దాటించిన నెల రోజులకి గుండె కొట్టుకోవడం కనబడుతుంది, పొత్తికడుపు మీద బొచ్చు ఎలాగూ పలచనే. కూనల లెక్కకైతే స్కాన్‌ని నమ్మొద్దు, 55 రోజులు దాటాక ఎక్స్‌రే తీయించాలి.

స్కాన్‌గది:
ఎమర్జెన్సీ వరకు ఒప్పుకుంటా. కానీ స్పిరిట్ ఊరికే పోసేది కాదు. ప్రోబ్ (ఒంటికి ఆనించే స్కాన్ పరికరం) ముందుండే మెత్తటి పొర పదేపదే తడిస్తే పగులుతుంది, చాలా కంపెనీలు వద్దనే చెబుతాయి. పిల్లికూనల ఒళ్లు చల్లబడిపోతుంది. కాటరీ (రక్తం ఆగేలా వేడితో కాల్చే పరికరం) వాడే చోటైతే నిప్పంటుకోవచ్చు.

పామ్‌పెంపకం:
మరి ఒక్క కిడ్నీ చూడాలంటే పొట్టంతా ఎందుకు?

స్కాన్‌గది:
అక్కర్లేదు. చివరి పక్కటెముక వెనక అరచేయంత చాలు, ముందే అడగండి. వాంతులు, బరువు తగ్గడం లాంటి కారణం తెలియని జబ్బుకి మాత్రం మొత్తం తీయాల్సిందే.

రాత్రిడ్యూటీ:
బొచ్చు తీసినా పొట్ట నిండా గ్యాస్ ఉంటే బొమ్మ రాదు. ఎదిగిన కుక్కకి 8 నుంచి 12 గంటలు తిండి ఆపాలి, నీళ్లు ఆపొద్దు. కూనలకీ, షుగర్ ఉన్నవాటికీ ఈ లెక్క వేరు, డాక్టర్ని అడిగే చేయాలి. మూత్రాశయం చూడాలంటే క్లినిక్ గేటు దగ్గర స్తంభం కనబడగానే కాలెత్తనివ్వకండి.