పెయ్యకి మూడు నెలలుగా తామర: మందు రాయాలా, వదిలేయాలా?

పెరటి కాపరి
మాది రాజమండ్రి శివారు. మా పాప పోరు పడలేక పోయిన వేసవిలో ఒక పుంగనూరు పెయ్యని తెచ్చి పెరట్లో కట్టుకున్నాం. పాల కోసం కాదు, ఇంట్లో పిల్లతో పాటు అదో పిల్ల. దసరా వెళ్లాక కంటి పక్కన రూపాయి బిళ్లంత మచ్చ లేచింది, వెంట్రుకలు ఊడిపోయి బూడిద రంగు పక్కు కట్టింది. ఇప్పుడు సంక్రాంతి దాటింది. మొహం మీద నాలుగు, మెడ మీద మూడు, చెవి మీద ఒకటి.

మొదట వేపనూనెలో పసుపు కలిపి రాశాం. తర్వాత మందుల షాపులో మనుషులకిచ్చే తామర క్రీమ్ తెచ్చాం, ఓ వారం బాగానే అనిపించి మళ్లీ రెట్టింపు అయింది. ఆ తర్వాత ఒకాయన వచ్చి చూసీ చూడగానే గజ్జి అనేసి, వారం తేడాతో రెండు ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్లు వేసి వెళ్లాడు. ఈ మధ్యలో మా నాన్న నాకు చెప్పకుండా మెడ మీది పెద్ద మచ్చకి బండిలోంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ పూశారు. పెయ్య మాత్రం హుషారుగా ఉంది, మేత తింటోంది, గోక్కోవడం కూడా పెద్దగా లేదు. ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. "అదే పోతుంది వదిలెయ్" అని నాన్న, "ఇంకో డాక్టర్ని పిలవండి" అని మా ఆవిడ. మీరేమంటారు?

గోదారి గట్టు
నలభై ఏళ్లుగా పశువుల మధ్యే బతుకుతున్నా బాబూ. మీ నాన్నగారు చెప్పింది నిజమే. దూడ తామర ముసురులో, చలిలో పుడుతుంది, ఎండలు ముదిరేసరికి పోతుంది. మా దొడ్లో ఎన్ని చూశానో. నేనైతే గంధకం మెత్తగా నూరి కొబ్బరినూనెలో కలిపి రాస్తాను, పొద్దున ఎండలో కట్టేస్తాను. అంతే. దీనికి డాక్టర్లు, ఇంజెక్షన్లు అని డబ్బులు తగలేయకండి.

కరీంనగర్ పిల్ల
అన్నా, ఇది లంపీ, అదే పశువులకి ఒళ్లంతా గడ్డలొచ్చే వైరస్ జబ్బు, కాదా? 2022లో మా దిక్కు అందరూ ఒకటే టెన్షన్. దానికి వేసే గోట్ పాక్స్ టీకా వేయించారా?

పశువైద్యం ఫైనలియర్
లంపీ కాదక్కా. లంపీలో జ్వరం వస్తుంది, ఒంటి మీద గట్టి గడ్డలు లేస్తాయి, పశువు డీలా పడిపోతుంది. ఇది మేత తింటూ గెంతుతోంది.

గట్టు బాబాయ్ గారితో నాకు సగమే పేచీ. తామర అయితే సాధారణంగా ఒకటి నుంచి నాలుగు నెలల్లో దానంతటదే తగ్గుతుంది, ఆ మాట పుస్తకంలోనూ ఉంది. కానీ అసలు చిక్కు అక్కడే. దానంతటదే పోయే జబ్బుకి మూడో నెలలో ఎవరేం రాస్తే వాళ్లకే పేరొస్తుంది. ఒక ఊళ్లో వేపనూనె, ఇంకో ఊళ్లో ఇంజన్ ఆయిల్, మరో ఊళ్లో మైలుతుత్తం, అన్నీ "మా దూడకి పనిచేసింది" అనే చెబుతారు.

పైగా ఇది తామరే అని ఇంతవరకూ ఎవరు తేల్చారు? గజ్జి పురుగుల వల్ల వస్తుంది, దురద భరించలేక పశువు గుంజకీ గోడకీ రుద్దుకుని పుండ్లు చేసుకుంటుంది. తామర బూజు జాతి, పశువుల్లో ఎక్కువగా ట్రైకోఫైటాన్ వెరుకోసమ్ అనేది, దీనికి దురద తక్కువ. ఐవర్‌మెక్టిన్ పురుగులకి మందు, బూజుని అదేం చేయదు. మచ్చ మధ్యలో కాదు, అంచు దగ్గర నాలుగు వెంట్రుకలు, కొంచెం పక్కు గీకి తీసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూస్తే తెలిసిపోతుంది. పశువుల ఆసుపత్రిలో అడగండి, లేదా పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి.

గోదారి గట్టు
తమ్ముడూ, మైక్రోస్కోపు లేని రోజుల్లోనూ దూడలు బతికాయి. గంధకం పనిచేయదంటావా?

పశువైద్యం ఫైనలియర్
అనను బాబాయ్, గంధకం నిజంగా పనిచేస్తుంది, సున్నం-గంధకం కలిపిన ద్రావణం మేమూ చదువుతాం. అది బూజు మీదా పనిచేస్తుంది, గజ్జి పురుగు మీదా పనిచేస్తుంది, అందుకే మీ చేతికి ఏ దూడ వచ్చినా తగ్గింది. నా గొడవ ఇంజన్ ఆయిల్‌తో. దూడ నాకుతుంది, అందులో సీసం లాంటి లోహాలుంటాయి, సీసం కడుపులోకి వెళ్తే దూడలకి చూపు పోతుంది, ఫిట్స్ వస్తాయి. మైలుతుత్తం కూడా అంతే, నాకితే విషం.

ఇంకోటి, కాపరి గారూ, ఆ క్రీమ్ ట్యూబు మీద పేర్లు ఒకసారి చదవండి. చివర "జోల్" అని ఉండేవి బూజు మందులు. వాటితో పాటు క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి పేరు ఉంటే అది స్టెరాయిడ్. వాపు తగ్గించి బాగైనట్టు చూపిస్తుంది, లోపల బూజు హాయిగా పాకుతుంది. మీ "ఓ వారం బాగానే, తర్వాత రెట్టింపు" కథ అచ్చం దానిలాగే ఉంది.

పెరటి కాపరి
చదివాను. క్లోబెటసాల్ ఉంది. క్లోట్రిమజోల్ కూడా ఉంది. బాగుంది మా తెలివి.

డాలస్ బుల్లోడు
నార్వేలో దూడలకి తామర టీకా వేసి ఆ జబ్బునే దాదాపు లేకుండా చేశారు. మనకెందుకు లేదో. ఏదేమైనా నా ఓటు వదిలేయడానికే. ప్రాణం తీసే జబ్బు కాదు, మచ్చలు పోయాక వెంట్రుకలు మళ్లీ వస్తాయి. పెంపుడు జంతువు అనేసరికి మనం ఊరికే అతి చేస్తాం.

ఇద్దరు పిల్లల తల్లి
బుల్లోడు గారూ, మీరు అక్కడి నుంచి ఓటు వేసేశారు గానీ, ఆ ఇంట్లో ఒక పాప ఉందని మొదట్లోనే ఉంది కదా. ఇది మనుషులకి అంటుతుంది. మా అమ్మ వాళ్లింట్లో గేదె దూడకి వస్తే పాలు పితికే మా పిన్నికి ముంజేతి మీద, మా వాడికి తలలో వచ్చింది. వాడి తలలో చీము పట్టి జుట్టు ఊడిపోయి, మాత్రలు వారాల తరబడి మింగాడు. దూడకి దానంతటదే పోయింది, మా వాడికి పోలేదు. కాపరి గారూ, మీ పాప చేతులు, మెడ ఒకసారి చూడండి.

పెరటి కాపరి
అక్కా, మీరు చెప్పాక చూశాను. మోచేతి లోపల గుండ్రంగా ఎర్రటి మచ్చ ఒకటి ఉంది. నాలుగు రోజుల నుంచి ఉందట, దోమ కుట్టిందనుకుందట.

పశువైద్యం ఫైనలియర్
పాపని చర్మం డాక్టరుకి చూపించండి, ఇంట్లో ఉన్న ఆ ట్యూబు మాత్రం రాయకండి. పెయ్య సంగతి ల్యాబులో తేలాక డాక్టరు చెబుతారు. ఈలోపు మీరు చేయాల్సింది పెయ్య కంటే కొట్టానికే ఎక్కువ. దీని బీజాలు గుంజ చెక్కలో, పలుపులో, గోడల్లో నెలలు కాదు, ఒక్కోసారి ఏళ్లు కూడా బతికి ఉంటాయి. పలుపు తీసి కాల్చేయండి. గోడలకి సున్నం కొట్టించండి. నేల, తొట్టి కడిగి, బ్లీచింగ్ ద్రావణం ఒక వంతుకి నీళ్లు పది వంతులు కలిపి కొట్టండి, పెయ్యని మాత్రం అప్పుడు దూరంగా కట్టి, అంతా ఆరాకే తీసుకురండి. ఒంటికి తోమే బ్రష్షు వేరే కొనండి.

మచ్చలకైతే చేతికి గ్లవుజులు వేసుకుని, గోరువెచ్చని సబ్బునీళ్లతో పక్కు నానబెట్టి మెల్లగా తీయాలి. పొడిగా గీకితే రక్తం వస్తుంది, పొడి చుట్టూ ఎగురుతుంది. ఊడిన పక్కు కాల్చేయాలి. పక్కు మీద ఎంత మందు పూసినా కిందికి దిగదు, మూడు నెలలు మీ నూనెలన్నీ అక్కడే ఆగిపోయాయని నా అనుమానం. తర్వాత పోవిడోన్ అయోడిన్, మచ్చ దాటి ఒక వేలు వెడల్పు వరకు, రోజూ. కంటి దగ్గర అయోడిన్ వద్దు, అక్కడికి స్టెరాయిడ్ లేని క్రీమ్ డాక్టరునే అడిగి తీసుకోండి.

గోదారి గట్టు
పాప మాట విన్నాక నేను తగ్గాను. మా రోజుల్లో దూడ దొడ్లో ఉండేది, మీరు మంచం దాకా రానిస్తున్నారు, ఆ తేడా నేను ఆలోచించలేదు. ఒక్క మాట, నట్టల మందు ఎప్పుడు వేశారు? పచ్చిమేత దొరుకుతోందా? ఎండుగడ్డి తిని, నట్టలు పట్టి నీరసపడ్డ దూడకి తామర ఒక పట్టాన వదలదు.

పెరటి కాపరి
నట్టల మందు తెచ్చిన కొత్తలో ఒకసారి వేశామంతే. మేత ఎక్కువ ఎండుగడ్డే, పచ్చిగడ్డి వారానికి రెండు మోపులు.

పెరటి కాపరి (పన్నెండు రోజుల తర్వాత)
అప్‌డేట్. వెంట్రుకల్లో బూజే కనిపించింది, పురుగు లేదు. పాపకి మందు మొదలెట్టాం, చర్మం డాక్టరు గారు ముందు "ఇంట్లో ఆవు ఉందా" అనే అడిగారు. పలుపు కాల్చాం, సున్నం కొట్టాం, నట్టల మందు వేశాం. కొత్త మచ్చలు రాలేదు. పాత వాటిలో మూడింటికి సన్నగా నూగు వస్తోంది. పాపని పెయ్య దగ్గరికి వెళ్లనివ్వట్లేదు, రెండూ చెరో వైపు అరుస్తున్నాయి.

అందరి కంటే ముందు మానింది మాత్రం మెడ మీది పెద్ద మచ్చ, నాన్న ఇంజన్ ఆయిల్ పూసిందే. అది అన్నిటి కంటే ముందు వచ్చిన వాటిలో ఒకటి నాన్నా, దాని గడువు తీరింది, అంతే అని ఎంత చెప్పినా వినట్లేదు. ఆయిల్ డబ్బా నేను దాచేశాను. ఎక్కడ పెట్టావని పొద్దుట్నుంచి వెతుకుతున్నారు.